దాచకుండా రాయండి, అత్తమ్మా

తోటపల్లి గూడూరు,
25 ఆగస్టు 2024, ఆదివారం.

సుప్రియకు నీ అత్త చల్లగా ఉండమని దీవించి రాస్తున్నది.

రేవతిని నా చేతికిచ్చి నువ్వు విమానం ఎక్కి నేటికి పదిహేను రోజులు. ఇంటినిండా ఫోన్లుండగా ఈమె కాగితం పట్టుకున్నదేమిటా అనుకుంటావు. నీ మొగుడు సుకుమార్ కూడా అదే అన్నాడు. "ఏందిమా ఇది, ఈ కాలంలో ఎవురన్నా ఉత్తరాలు రాస్తారా?" అని నవ్వాడు. రాయడం నా పని, ఫొటో తీసి పంపడం నీ పని అన్నాను. మేత కంపెనీ వాళ్ళ చుట్టూ, రొయ్యల గుంటల చుట్టూ తిరిగే మనిషి, ఆ మాత్రం చేయలేడా?

అసలు సంగతి ఇది. రోజూ సాయంత్రం నువ్వు వీడియోలో కనిపించి పోయాక పిల్ల అన్నం ముట్టడం లేదు. మొదట్లో ఏడ్చేది. ఏడిస్తే సముదాయించవచ్చు. ఇప్పుడు ఏడవదు. ఫోను వెనక్కి తిప్పి చూస్తుంది, నువ్వు ఆ పక్కన ఉన్నావేమోనని. తర్వాత గోడకానుకుని కూర్చుంటుంది, పిలిచినా పలకదు. మొన్న మీ మామయ్య అది చూడలేక చెప్పులు కూడా వేసుకోకుండా పొలానికి పోయారు.

అందుకని కొన్నాళ్ళు వీడియో వద్దు. ఉత్తరం రాయి. అందులో రేవతికి నాలుగు ముక్కలు వేరుగా రాస్తే నేను చదివి వినిపిస్తాను. అచ్చు అక్షరాలు పంపకు. చేత్తో రాసింది పంపు, సుకుమార్ జిరాక్సు షాపులో కాగితం మీదికి తీయించి తెస్తాడు.

మన దిగువ కయ్యలో ఉప్పు ఈ ఏడు ఇంకా పైకి వచ్చింది. గట్టు పక్కన తెల్లగా ముగ్గు పోసినట్టుంది. నీ చదువు పూర్తయ్యేసరికి అక్కడ వరి పండిస్తావని మీ మామయ్య పైకి అనరు గానీ నమ్మకం పెట్టుకున్నారు.

ఆశీస్సులతో,
ఆదిశేషమ్మ


కాన్ థో, వియత్నాం,
30 ఆగస్టు 2024.

అత్తమ్మకు నమస్కారాలు.

మీ చేతిరాత ఇంత గుండ్రంగా ఉంటుందని పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నాకు తెలియదు. క్యాలెండరు మీద గ్యాసు బండ మార్చిన తేదీ తప్ప మీరు రాసింది నేనేదీ చూడలేదు.

వీడియో వద్దన్నారు. సరే. పిల్ల మీ దగ్గరుంది, ఏది మంచిదో మీకే తెలుస్తుంది. నా వల్ల మీకు శ్రమ ఎక్కువైంది, ఏమీ అనుకోవద్దు.

విదేశమంటే ఏదో అనుకున్నాను. బస్సు దిగితే మన మండలంలోనే దిగినట్టుంది. వరి, కాలవలు, కొబ్బరి చెట్లు, రొయ్యల గుంటలు, వాటి మధ్య మోటారు సైకిళ్ళు. మాట ఒక్కటే తెలియదు. యూనివర్సిటీలో ఈ సెమిస్టరుకు బయటి దేశాల నుంచి పన్నెండు మందిమి వచ్చాం. పిల్లను వదిలి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సాయంత్రం వాళ్ళంతా నది ఒడ్డుకు పోతారు, నేను గదికి వస్తాను. గది అద్దెకిచ్చిన ఇంటావిడకు డెబ్భై ఏళ్ళుంటాయి. ఇక్కడ ఆ వయసు వాళ్ళను "బా" అని పిలుస్తారు, అంటే అవ్వ అని. నాకు ఆమె మాట రాదు, ఆమెకు నా మాట రాదు. చేతులతో మాట్లాడుకుంటాం.

మామయ్యకు చెప్పండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇక్కడి రైతులు ఒకే పొలంలో ఎండాకాలం ఉప్పునీళ్ళు పెట్టి రొయ్యలు, వానాకాలం వరి వేస్తారు. అది చూడటానికే నేను వచ్చింది.

రేవతికి: బంగారూ, ఇక్కడ నది మీద కూరగాయల అంగడి ఉంది. అన్నీ పడవలే. ఎవరి దగ్గర ఏముందో అరవరు. పడవలో ఒక పొడుగాటి వెదురు నిలబెట్టి దాని కొసకు కడతారు. గుమ్మడికాయ అమ్మేవాళ్ళు గుమ్మడికాయ, ముల్లంగి అమ్మేవాళ్ళు ముల్లంగి. నిన్న ఒక పడవ కొసన ఏమీ లేదు, చొక్కా ఒక్కటే వేలాడుతోంది. చొక్కాలు అమ్ముతారా అని అడిగితే అందరూ నవ్వారు. అది ఆరేసిందట!

మీ సుప్రియ


తోటపల్లి గూడూరు,
15 సెప్టెంబరు 2024.

సుప్రియకు అత్త దీవెనలు.

పడవల సంగతి రేవతి నా చేత ఏడుసార్లు చదివించుకుంది. మరునాడు బూజుకర్రకు బెండకాయ కట్టి వరండాలో కూర్చుంది. మీ మామయ్య పోయి, "ఏం అమ్మతా ఉండావమ్మా?" అంటే, "కనపడలా? కళ్ళజోడు పెట్టుకో తాతా!" అన్నది. ఆయన నిజంగానే పోయి కళ్ళజోడు తెచ్చుకున్నారు.

రొయ్యలు, వరి ఒకే నేలలో అన్న మాట మాత్రం ఆయన నమ్మలేదు. "ఉప్పు తాగిన నేలలో వరి యాడ పండుద్ది? ఆ పిల్లకు ఎవురో కథలు చెప్తా ఉండారు" అన్నారు. అన్నారే గానీ ఆ ముక్క మళ్ళీ చదవమని అడిగారు.

నీకు ఒక మంచి మాట. రేవతి నిన్ను అడగడం మానేసింది. పది రోజులైంది. బడి ఆటో దిగగానే నాయనమ్మా అని నన్నే వెతుక్కుంటుంది, నా దగ్గరే తింటుంది, నా పక్కనే పడుకుంటుంది. నువ్విక ఏ దిగులూ పెట్టుకోకుండా చదువుకో. వీడియో మానడమే మంచిదైంది.

చింతకాయ తొక్కు పాడుకాకుండా ఉందా? నూనె తేలేటట్టు కలిపి పెట్టుకో.

ఆశీస్సులతో,
ఆదిశేషమ్మ


కాన్ థో,
22 సెప్టెంబరు 2024.

అత్తమ్మకు నమస్కారాలు.

ఉత్తరం చేరింది. పిల్ల మీ దగ్గర బాగా అలవాటైనందుకు సంతోషం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వారానికి మూడు రోజులు పొలాల్లో మట్టి నమూనాలు తీస్తున్నాం. మిగిలిన రోజులు ల్యాబులో. తొక్కు బాగానే ఉంది.

రేవతి నన్ను అడగడం లేదు కాబట్టి ఈసారి దానికి వేరుగా ఏమీ రాయలేదు.

సుప్రియ


తోటపల్లి గూడూరు,
6 అక్టోబరు 2024.

సుప్రియకు అత్త దీవెనలు.

నీ ఉత్తరం వెనకా ముందూ తిప్పి చూశాను. ఫొటోలో రేవతి ముక్క తెగిపోయిందేమోనని సుకుమార్‌ను మళ్ళీ జిరాక్సు షాపుకు పంపాను. లేదని చెప్పాడు.

పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది. ఏం చేయను? నేనే కల్పించి చదివాను. "బంగారూ, ఇక్కడ ఒక ఏనుగు పడవ ఎక్కిందంట, పడవ మునిగిందంట" అని. అది నా మొహం చూసి, "అమ్మ అంట అంట అని రాయదు నాయనమ్మా. నువ్వే చెప్తా ఉండావు" అన్నది. ఆ కాగితం నా చేతిలోనుంచి తీసుకుని చూసింది. చదవడం రాకపోయినా తన పేరు గుర్తు పడుతుంది కదా. చివరి వరసలో పేరు దొరికింది. "ఇక్కడుండానే, ఇదేంది?" అన్నది. ఆ వరస నేను చదవలేదు.

చదువు పెద్దదే, కాదనను. పిల్లకు నాలుగు ముక్కలు రాయడానికి పది నిమిషాలు పట్టదు. దూరం పోయినవాళ్ళకు అక్కడి మనుషులే దగ్గరవుతారని అంటారు. నువ్వు అలాంటిదానివి కావని నా నమ్మకం.

ఆశీస్సులతో,
ఆదిశేషమ్మ


కాన్ థో,
10 అక్టోబరు 2024.

అత్తమ్మకు,

పిల్ల తన పేరు వెతుక్కున్న మాట చదివి నేను క్లాసుకు పోలేకపోయాను. ఆ వరస రాసినందుకు నా చేయి విరగ్గొట్టుకోవాలనిపించింది. తప్పు నాదే.

కానీ నేనూ ఒక మాట చెప్పాలి. "నిన్ను అడగడం మానేసింది" అని మీరు మంచి కబురు చెప్పినట్టు రాశారు. కన్నతల్లికి అది మంచి కబురెలా అవుతుంది? ఆ రోజు వరండాలో కూర్చుని ఉంటే మా బా వచ్చి ఏమైందని సైగ చేసింది. ఏమని చెప్పను? చేతులతో చెప్పగలిగిన మాటా అది? ఆమె లోపలికి పోయి వేడి గంజి తెచ్చి నా ముందు పెట్టి, నేను తాగిందాకా లేవలేదు.

నన్ను పూర్తిగా పక్కకు పెట్టకండి. వారానికి ఒక్కరోజు, ఆదివారం, ఐదు నిమిషాలు వీడియోలో రేవతిని చూపించండి. ఇది నేను అడుక్కుంటున్నాననుకున్నా సరే.

రేవతికి: బంగారూ, అమ్మకు బుద్ధి లేక పోయినసారి నీకు రాయడం మరిచిపోయింది. నీకు రెండు ముక్కలు బాకీ. ఒకటి: మా బా ఇంట్లో ఒక కోడి ఉంది, అది మోటారు సైకిలు సీటు మీదే పడుకుంటుంది. రెండోది: నువ్వు నాకు కావాలి.

మీ సుప్రియ


తోటపల్లి గూడూరు,
19 అక్టోబరు 2024.

సుప్రియకు దీవెనలు.

ఇక్కడ వానలు విపరీతంగా ఉన్నాయి. ఊరంతా నీళ్ళు. ఫోనుకు సిగ్నలు సరిగా లేదు. ఈ ఆదివారం వీడియో కుదరదు, వచ్చే ఆదివారం కూడా చెప్పలేను. నీ మాట కాదనాలని కాదు.

అందరం బాగున్నాం. నువ్వు జాగ్రత్త.

ఆదిశేషమ్మ


కాన్ థో,
28 అక్టోబరు 2024.

అత్తమ్మా,

ఈ రోజు మధ్యాహ్నం మన పక్కింటి వనజాక్షి మెసేజ్ పెట్టింది. "పాప ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసిందంట కదక్కా, నాకిప్పుడే తెలిసింది, దేవుడు చల్లగా చూశాడు" అని. నేను ఫోను చేసి ఏ ఆస్పత్రి అని అడిగాను. ఆ అమ్మాయి భయపడి ఫోను పెట్టేసింది. సుకుమార్‌కు చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. డెంగీ. ఆరు రోజులు నెల్లూరులో ఆస్పత్రిలో. మూడో రోజు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయట.

మీరు "అందరం బాగున్నాం" అని రాసిన రోజు నా బిడ్డ చేతికి సెలైను సూది ఉంది. మీరు ఆ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాశారు? దాని మంచం పక్కనా?

సిగ్నలు లేదని మీరు రాస్తే, వీడియో ఇవ్వడం ఇష్టం లేక అంటున్నారనుకుని వారం రోజులు మీ మీద కోపంగా తిరిగాను. క్లాసులో నవ్వాను కూడా. స్నేహితులతో కలిసి పడవ ఎక్కాను. ఆ పడవలో తీసుకున్న ఫొటోలు ఇప్పుడు చూస్తే నా మొహం నాకే అసహ్యంగా ఉంది. అది నాకు మీరు చేసింది.

దానికి ఏమైనా అయి ఉంటే నాకు ఎవరు చెప్పేవాళ్ళు, వనజాక్షా?

టిక్కెట్టు చూస్తున్నాను. ఎందుకు దాచారో చెప్పండి. నాకు చెప్పి తీరాలి.

సుప్రియ


తోటపల్లి గూడూరు,
29 అక్టోబరు 2024.

సుప్రియకు,

రాత్రి నువ్వు వీడియోలో రేవతిని చూశావు. పక్కన నేను ఉన్నా నీ ఎదుట పడలేదు. ఈ ఉత్తరం చదివాక టిక్కెట్టు సంగతి నీ ఇష్టం.

పన్నెండో తేదీ శనివారం జ్వరం మొదలైంది. సోమవారం రక్తపరీక్షలో డెంగీ అని తేలగానే నెల్లూరు తీసుకుపోయాం. సుకుమార్ నీకు చెబుతానన్నాడు. నేనే ఆపాను. వాడి చేత ఒట్టు పెట్టించుకున్నాను. కోపం వాడి మీద పెట్టుకోకు.

నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. వాడికే సరిగా తెలియదు. వాడికి రెండేళ్ళప్పుడు నాకు నెల్లూరులో టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. పిల్లాణ్ణి మా అత్త చేతిలో పెట్టి హాస్టలుకు పోయాను. మూడు నెలలు చదివాను. చిన్నపిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం కూడా మొదలుపెట్టాను. నల్లబల్ల మీద నా అక్షరాలు చూసి మా పంతులమ్మ మిగతా వాళ్ళను పిలిచి చూపించింది. ఒకరోజు కార్డు వచ్చింది. "బిడ్డకు జ్వరం. వెంటనే రావాల" అని. సంచి సర్దుకోకుండానే బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి వాడు వాకిట్లో కూర్చుని జామకాయ తింటున్నాడు. జ్వరం ముందురోజే తగ్గిందట.

మీ మామయ్య, "ఎట్లా వచ్చినావు గదా, నాలుగు రోజులుండి పో" అన్నారు. నాలుగు రోజులకు మా అత్త, "మళ్ళా బిడ్డకు ఏమన్నా అయితే నేను జవాబు చెప్పలేను" అన్నది. అంతే. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. హాస్టల్లో నా పెట్టె, దుప్పటి ఎవరో తెచ్చి ఇచ్చారు. మా అత్త చెడ్డమనిషి కాదు. భయపడింది.

ఆస్పత్రిలో రేవతిని చేర్చిన రోజు నాకు ఆ కార్డే కళ్ళ ముందు తిరిగింది. నీకు చెబితే నువ్వు వస్తావు. వస్తే ఇక పోవు. జ్వరం వారంలో తగ్గుతుంది, నీ చదువు మాత్రం తిరిగి రాదు. అందుకని అబద్ధం రాశాను. నువ్వడిగినట్టు దాని మంచం పక్కనే కూర్చుని రాశాను.

మూడో రోజు డాక్టరు పెద్దాసుపత్రికి మార్చాల్సి రావచ్చు అన్నప్పుడు, పిల్లకు ఏమన్నా అయితే నీ మొహం ఎట్లా చూడను అనుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అది తప్పు. ఇంకొకటి కూడా చెప్పాలి. నిన్ను అడగడం మానేసిందని రాశాను కదా. జ్వరంలో నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. అమ్మా, అమ్మా అని నిన్నే పిలిచింది. అది మానెయ్యలేదు సుప్రియా, లోపల పెట్టుకుంది. నాకు అర్థం కాలేదు.

ఆదిశేషమ్మ


కాన్ థో,
5 నవంబరు 2024.

అత్తమ్మకు నమస్కారాలు.

టిక్కెట్టు కొనలేదు. మీ ఉత్తరం మీద కోపంతో మూడు రోజులు జవాబు రాయలేదు. తర్వాత రెండు రోజులు కోపం లేకపోయినా ఏం రాయాలో తెలియలేదు.

బస్సులో ఏడుస్తూ వచ్చిన ఆ అమ్మాయి నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. అప్పుడు మీకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉండి ఉంటాయి. నాకంటే చిన్న. మన ఇంట్లో ఇన్నేళ్ళుగా నాకు కాఫీ ఇచ్చి, "పో పో, బస్సు తప్పిపోద్ది" అని నన్ను కాలేజీకి తరిమే మనిషి ఎందుకలా తరుముతుందో ఇప్పుడు తెలిసింది.

అయినా మీరు చేసింది మంచిదని నేను ఒప్పుకోలేను. మీ అత్త చిన్న జ్వరాన్ని పెద్దది చేసి మిమ్మల్ని రప్పించారు. మీరు పెద్ద జ్వరాన్ని దాచి నన్ను ఆపారు. ఆ రోజు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఈసారి నన్నూ ఎవరూ అడగలేదు.

చెప్పి ఉంటే నేను వచ్చేదాన్ని. నిజమే. పిల్ల లేచి తిరిగేదాకా ఉండి, మళ్ళీ వచ్చేదాన్ని. ఎలా పంపుతారు అంటారా? అప్పుడు మిమ్మల్ని తిరిగి బస్సెక్కించడానికి ఇంట్లో ఒక్క మనిషి లేరు. నన్ను ఎక్కించడానికి మీరున్నారు. ఆ మాట మీకే ఎందుకు తోచలేదు?

ఇకమీద ఏదైనా దాచకుండా రాయండి, అత్తమ్మా. చిన్నదైనా, పెద్దదైనా. నేను తట్టుకుంటాను. తట్టుకోలేకపోతే ఏడుస్తాను. ఏడిస్తే మా బా గంజి ఇస్తుంది.

మామయ్యకు: పొలం చుట్టూ లోతుగా కాలవ తవ్వి, నేలను వానకు వదిలేస్తున్నారు. వాననీళ్ళు ఉప్పును కడిగి కాలవలోకి దించుతాయి. ఆ నీళ్ళను బయటికి పంపి, రెండు మూడు సార్లు కడిగాక నాటుతున్నారు. మన వానలు ఇప్పుడే కదా. దిగువ కయ్యలో ఒక్క మూల ప్రయత్నించమనండి. పండుతుందని మాట ఇవ్వలేను. నేలను బట్టి ఉంటుంది.

రేవతికి: బంగారూ, సూది పొడిస్తే ఏడ్చావా? నేనైతే ఏడుస్తాను. ఆదివారం వీడియోలో ఆ చెయ్యి చూపించు.

మీ సుప్రియ


తోటపల్లి గూడూరు,
24 నవంబరు 2024.

సుప్రియకు అత్త ప్రేమతో.

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను. విసుక్కోకు.

రేవతికి జ్వరం తర్వాత జుట్టు ఊడుతుంటే పొట్టిగా కత్తిరించాం. పోయిన ఆదివారం వీడియోలో టోపీ పెట్టుకుంది అందుకే. మెడ మీద దోమ కుట్టింది, నేను భయపడి ఊరంతా తిరిగి కొత్త దోమతెర తెచ్చాను. బడిలో ఒక పిల్లవాడి చెయ్యి కొరికింది. ఎందుకే అంటే, "వాడు మీ అమ్మ రాదులే అన్నాడు" అన్నది. నేను తిట్టాలి గదా, తిట్టలేదు. ఇంట్లో చిక్కుడుకాయ తినకుండా కంచం కింద దాస్తోంది. మీ మామయ్య దిగువ కయ్యలో తూర్పు మూల కాలవ తవ్వించారు. పక్క పొలం వాళ్ళు, "ఏంది జయరామయ్యా, కోడలు చెప్పిందా?" అని ఎగతాళి చేస్తే, "అవును, నా కోడలే చెప్పింది" అన్నారట. ఇది ఆయన నాతో చెప్పలేదు, వనజాక్షి చెప్పింది.

ఇంకొకటి ఉంది. రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈ నెలలో రేవతి మూడుసార్లు నన్ను "అమ్మా" అన్నది. పొరపాటున. అన్నాక నాలిక కరుచుకుంది. రెండుసార్లు సరిదిద్దాను. మూడోసారి పలికాను. ఎందుకు పలికానో నాకే తెలియదు, సుప్రియా. చెవికి తియ్యగా తగిలింది. నన్ను క్షమించు.

బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. నువ్వు డిసెంబరు ఇరవైన వస్తావు. నేను పంతొమ్మిదినే కావలిలో మా తమ్ముడు గిరిబాబు ఇంటికి పోతాను. ఒక నెల ఉంటాను. నేను కళ్ళెదుట ఉంటే పిల్ల ఆకలైనా నా దగ్గరికే వస్తుంది, దెబ్బ తగిలినా నా దగ్గరికే వస్తుంది. నువ్వు పక్కన నిలబడి చూడాలి. అది నేను చూడలేను. నేను లేకపోతే నీకు అలవాటవుతుంది. నీ బిడ్డను నీకు అప్పజెప్పడం నా బాధ్యత.

ఆశీస్సులతో,
ఆదిశేషమ్మ


కాన్ థో,
8 డిసెంబరు 2024.

అత్తమ్మకు,

రేపటినుంచి పరీక్షలు. రెండు ముక్కలే రాస్తాను.

అప్పజెప్పడానికి రేవతి తాకట్టు పెట్టిన వస్తువు కాదు. మూడోసారి పలికినందుకు నాకు కోపం లేదు. అబద్ధం ఎందుకు, కొంచెం ఉంది. అది నేను చూసుకుంటాను. మీరు కావలి పోవద్దు. విమానాశ్రయానికి మీరు కూడా రండి.

మీ సుప్రియ


తోటపల్లి గూడూరు,
26 డిసెంబరు 2024, గురువారం.

కావలిలో ఉన్న అత్తమ్మకు, ఇంటి నుంచి సుప్రియ నమస్కారాలు.

వద్దని రాసినా మీరు వెళ్ళారు. సరే, ఇప్పుడు దూరంలో ఉన్నది మీరు, ఇంట్లో ఉన్నది నేను. దాచకుండా రాయడం నా వంతు.

విమానాశ్రయంలో రేవతి మామయ్య పంచె వెనక నిలబడింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాను. అది రెండు చేతులూ జోడించి, బడిలో టీచరుకు పెట్టినట్టు, "నమస్తే" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూముకు పోయి మొహం కడుక్కుని వచ్చాను. కారులో రేవతి నాయుడుపేట దాకా కిటికీకి అంటుకుని కూర్చుంది. నిద్రలో మాత్రం తల నా ఒళ్ళోకి వాలింది. గూడూరు, నెల్లూరు దాటేదాకా నేను కాలు కదపలేదు.

మొదటి రెండు రోజులూ అన్నం సుకుమార్ చేత్తోనే తిన్నది. నేను కలిపి పెడితే, "నాయనమ్మ ఇట్లా కలపదు" అని పక్కకు జరిపింది. చిన్న ముద్దలు చేశాను. "చిన్నవి గాదు" అన్నది. పెద్దవి చేశాను. "అంత పెద్దవి గాదు" అన్నది. మీరు లేకపోతే అది నా దగ్గరికి వస్తుందనుకున్నారు కదా. రాలేదు. సాయంత్రం బడి ఆటో దిగి ఇల్లంతా మీకోసం వెతికింది. మీ మంచం కింద కూడా చూసింది. మీరు కనబడకపోయేసరికి గోడకానుకుని కూర్చుంది. మామయ్య లేచి బయటికి పోబోతుంటే ఆపాను. నేను దాని పక్కన అదే గోడకానుకుని కూర్చున్నాను. చాలాసేపటికి నా వైపు చూడకుండానే అడిగింది.

"నాయనమ్మ కూడా చదువుకోను పోయిందా?"

"లేదురా. కావలి పోయింది, గిరి తాత వాళ్ళింటికి."

"ఎందకు పోయింది?"

నిజమే చెప్పాను. "నేను వచ్చానని పోయింది. నువ్వు నా దగ్గరికి రావాలని."

"అయితే నువ్వు వచ్చేది చెప్పకుండా ఉండాల్సింది" అన్నది. నేను ఏడవలేదు, అత్తమ్మా. నవ్వొచ్చింది. అది నా మొహం చూసి తనూ నవ్వింది. వచ్చిన తర్వాత నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

నిన్న స్నానం చేయిస్తుంటే కళ్ళలో సబ్బు పడింది. "అమ్మా!" అని కేక పెట్టింది. నొప్పి పుడితే ఎవరైనా అరిచే అరుపే అదో, నన్నే పిలిచిందో నాకు తెలియదు. నేను అడగలేదు. తుండుతో కళ్ళు ఒత్తి, నోటితో ఊదాను. రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. జుట్టంతా నురగ. నా చీర తడిసిపోయింది. అలాగే ఉండిపోయాం, నీళ్ళు చల్లారిపోయేదాకా.

ఇంత జరిగాక నాకు అర్థమైంది ఇదీ. ఈ ఐదు నెలల్లో దానికి ఒక్కొక్కరం మాయమవుతూనే ఉన్నాం. ఒకరు వస్తే ఇంకొకరు పోతారేమోనన్న భయం పిల్లకు పట్టుకుంది. దాన్ని పోగొట్టడానికి మనిద్దరం ఒకే గదిలో దాని ఎదుట ఉండాలి. అది మీ దగ్గరికి పోయినప్పుడు నేను పక్కన నిలబడి చూస్తాను. కొంచెం నొప్పిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఎల్లుండి శనివారం పొద్దున నెల్లూరులో రైలెక్కి నేను, రేవతి కావలి వస్తున్నాం. మధ్యాహ్నం మీ తమ్ముడి ఇంట్లో భోంచేసి, సాయంత్రం బండికి ముగ్గురం తిరిగి వస్తాం. సుకుమార్ ఈ ఉత్తరం ఫొటో తీసి గిరిబాబు మామయ్య ఫోనుకు పంపుతాడు. వద్దని జవాబు రాసినా మేము ఆగం.

ఈ కాగితం మీద మీకు ఏమన్నా రాయమంటావా అని రేవతిని అడిగాను. చెబుతాను, నువ్వు రాయి అన్నది. అది చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను:

"నాయనమ్మా, అమ్మకు తల రుద్దను రాదు. కళ్ళు మండతా ఉండాయి. నువ్వు వచ్చి నేర్పించు. మళ్ళా పోబాక."

మీ సుప్రియ